స్వాగతానికి మన డోలు, జీతానికి ఇంకొకరి డ్రమ్మా?

మంత్రి వస్తే డోలు కావాలి. కలెక్టరు వస్తే కొమ్ము కావాలి. రోడ్డుకు శంకుస్థాపన అయినా, కొత్త భవనానికి రిబ్బను కత్తిరింపు అయినా, ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవమైనా మనవాళ్లకు కబురొస్తుంది. నెమలీకల టోపీలు, కొమ్ముల తలపాగాలు, గజ్జెలు, డోళ్లు మూటగట్టుకుని ఆటోల్లో వచ్చి దిగాలి. పెద్దమనిషి ఎప్పుడొస్తాడో తెలియదు కాబట్టి పొద్దున్నుంచీ ఎండలో నిలబడాలి. ఆయన కారు దిగి, ఎవరి మెడలోదో ఒక డోలు తీసి తన మెడలో వేసుకుని, నాలుగు దెబ్బలు కొట్టి ఫోటో దిగుతాడు. మరునాడు పేపర్లో ఆయన వాయిస్తున్న ఫోటో ఉంటుంది. పొద్దంతా వాయించినవాడి పేరు ఉండదు.

వాద్యం పట్టిన చేతికి నెల తిరిగేసరికి జీతమిచ్చే కొలువు ఒకటి ఈ దేశంలో ఉంది. అది సైన్యం బ్యాండులో సంగీతకారుడి కొలువు. చదువు పదో తరగతి చాలు. ఆ ప్రకటన పడినప్పుడు మాత్రం మన గూడేనికి కబురూ రాదు, ఆటో కూడా రాదు.

అందుకే మేము ఈ వ్యాసం రాస్తున్నాం. మా మాట సూటిగా ఇదీ: ఆదివాసీ వాద్యకారుణ్ణి స్వాగతాలకు వాడుకుని, కొలువుల దగ్గర మరచిపోవడం అన్యాయం. ఆ కొలువుకు మన పిల్లలకు తక్కువైంది ప్రతిభ కాదు. బడి నేర్పగలిగీ నేర్పని రెండు మూడు విషయాలు. వాటిని నేర్పించమని అడగడం దయ కోరడం కాదు, హక్కు అడగడం.

ముందు ఆ కొలువేమిటో తెలుసుకుందాం. జనవరి 26న ఢిల్లీ కవాతులో అడుగులకు తాళం వేసేదీ, జనవరి 29 సాయంత్రం విజయ్ చౌక్‌లో బీటింగ్ రిట్రీట్ వాయించేదీ బయటి నుంచి కిరాయికి తెచ్చిన మేళం కాదు. వాళ్లు సైన్యం, నౌకాదళం, వాయుసేనల్లో ఉద్యోగులు. ఇత్తడి వాద్యాల బ్యాండ్లున్నాయి, పైపులూ డ్రమ్ములూ ఉన్న పైప్ బ్యాండ్లున్నాయి. మామూలు వాద్యకారుడిగా చేరినవాడు ఏళ్లు గడిచాక బ్యాండ్ మాస్టర్ కావచ్చు. సైన్యానికి సంగీతం నేర్పే బడి 1950లో, కరియప్ప సేనాధిపతిగా ఉన్న కాలంలో మొదలైంది. అది మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో ఉంది. పచ్‌మఢీ ఎక్కడుంది? సాత్పురా కొండల్లో, గోండులూ కోర్కులూ తరతరాలుగా బతికిన అడవి నడుమ. దేశ సైన్యానికి సంగీతం నేర్పే బడి గోండుల కొండ మీదే ఉంది. ఆ బడి పేరు విన్న గోండు పిల్లలు మీ తరగతిలో ఎందరున్నారో ఒకసారి అడిగి చూడండి.

2024లో వాయుసేన అగ్నివీర్‌వాయు సంగీతకారుల కోసం ఇచ్చిన ప్రకటన చూడండి. పెళ్లికాని అబ్బాయిలూ అమ్మాయిలూ ఇద్దరూ అర్హులే. చదువు పదో తరగతి. ఫ్లూటు, ఓబో, క్లారినెట్, శాక్సాఫోన్, ఫ్రెంచ్ హార్న్, ట్రంపెట్, ట్రోంబోన్, ట్యూబా వంటివి ఒక జాబితా. కీబోర్డు, గిటార్, వయొలిన్, డ్రమ్ములు, భారతీయ శాస్త్రీయ వాద్యాలు ఇంకో జాబితా. వీటిలో ఒకటి బాగా వాయించడం రావాలి. తాళం తప్పకూడదు, శ్రుతి తప్పకూడదు. వినిపించిన స్వరాన్ని గొంతుతోనో వాద్యంతోనో పట్టుకోవాలి. తన వాద్యాన్ని తాను శ్రుతి చేసుకోవాలి. స్టాఫ్ నొటేషన్ గానీ, కర్ణాటక, హిందుస్తానీ పద్ధతుల్లో ఏదైనా గానీ చూసి చదవగలగాలి.

ఈ జాబితాలో ఒక మాట దగ్గర మేము ఆగుతున్నాం. "శాస్త్రీయ" అన్న ఒక్క మాటతో వీణ, తబలా, మృదంగం లోపలికి వెళ్లాయి. పెప్రె, కాలికొమ్ము, తుడుం, కిక్రి, మోరి, కిరిడి బయట నిలబడ్డాయి. పుట్టుకకు ఏ దెబ్బ, పెళ్లికి ఏ దెబ్బ, చావుకు ఏ దెబ్బ, దేవుణ్ణి నీళ్లకు తీసుకుపోయేటప్పుడు ఏ దెబ్బ అని లెక్క ఉన్న వాద్యానికి శాస్త్రం లేదని ఎవరు తేల్చారు? రాసిపెట్టలేదు కాబట్టి శాస్త్రం కాదంటే, రాసుకునే చదువు మనకు ఎవరు ఇవ్వలేదో కూడా చెప్పాలి.

ఇంకో మాట ఉంది, అది మెచ్చుకోలు ముసుగు వేసుకుని వస్తుంది. "మీవాళ్లకు లయ రక్తంలోనే ఉంటుందండీ" అంటారు అధికారులు. వినడానికి బాగుంటుంది. కానీ దాని లోపలి అర్థం వేరు. రక్తంలో ఉన్నదానికి గురువు అక్కర్లేదు, జీతం అక్కర్లేదు, బడి అక్కర్లేదు. కోకిల కూసిందని ఎవరూ దానికి జీతమివ్వరు కదా! లయ రక్తంలో ఉండదు. అయిదేళ్ల పిల్లవాడు తాత పక్కన కూర్చుని, తప్పు కొట్టి, చెవి మెలిపెట్టించుకుని, రాత్రంతా నిద్రకాగి, పండుగ తర్వాత పండుగ నేర్చుకుంటే వస్తుంది. అది చదువు. దాన్ని చదువుగా గుర్తించమంటున్నాం.

ఆ చదువు బ్యాండు కొలువుకు ఎలా పనికొస్తుందో చెబుతాం. అడవిదున్న కొమ్ము ఊదే కోయ యువకుడు ఏం చేస్తాడు? పెదాలు బిగించి వాటిని అదిరించి గాలి వదులుతాడు. ట్రంపెట్ పలికేదీ, ఫ్రెంచ్ హార్న్ పలికేదీ సరిగ్గా అలాగే. పెప్రె ఊదే ప్రధాన్ కళాకారుడు నోట్లో పెట్టుకునే పీక ఎలాంటిదో ఓబో పీక కూడా ఆ జాతిదే. సన్నాయి, సుర్నాయి, ఓబో అన్నీ ఒకే ఇంటి బిడ్డలు. తుడుం సంగతి ఇంకా పెద్దది. యూరప్ బ్యాండ్లలో గిన్నెల్లా ఉండే కెటిల్ డ్రమ్ములున్నాయే, అవి ఆ దేశాలకు తూర్పు నుంచి పోయిన నగారాల సంతానం. తుడుం ఆ కుటుంబానిదే. పెద్ద డ్రమ్మూ, తాళాలూ కూడా యూరప్ సైన్యాలు తురుష్కుల బ్యాండ్లను చూసి నేర్చుకున్నవే. సైనిక బ్యాండు తెల్లవాడి సొత్తు, మనకు పరాయిది అనుకోవలసిన పని లేదు.

యుద్ధంలో వాద్యం ఏం చేస్తుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. 1855 సంతాల్ హూల్‌లో నగారాలు మోగినంతసేపూ సంతాలులు తూటాలకు ఎదురు నిలబడ్డారే తప్ప వెనక్కి తగ్గలేదని, వాళ్ల మీద కాల్పులు జరిపించిన బ్రిటిష్ అధికారి మేజర్ జెర్విస్ స్వయంగా చెప్పాడు. మన ప్రాంతంలో హక్కుల కోసం లేచిన ఆదివాసీ ఉద్యమం తనకు తాను తుడుందెబ్బ అని పేరు పెట్టుకుంది. జనాన్ని పిలవడం, నిలబెట్టడం, నడిపించడం మన వాద్యాలకు కొత్త కాదు.

మరి తలుపు ఎక్కడ మూసుకుంది? మేము చూసినంతలో మూడు తాళాలు ఉన్నాయి.

మొదటిది కాగితం. మనవాళ్లు విని నేర్చుకుంటారు, బ్యాండువాళ్లు చూసి వాయిస్తారు. అయిదు గీతలు, వాటి మీద చుక్కలు. చూస్తే భయమేస్తుంది గానీ అది గుణింతం కంటే కష్టం కాదు. ఇంట్లో గోండి, కోయ, కొలామీ, సవర మాట్లాడే పిల్ల బడికొచ్చి తెలుగు అక్షరాలు నేర్చుకుంది, ఇంగ్లీషు నేర్చుకుంది, హిందీ నేర్చుకుంది. నాలుగో లిపి నేర్చుకోలేదా? పైగా ఈ లిపిలో ఏముందో ఆ పిల్ల చెవికి ముందే తెలుసు.

రెండోది వాద్యం. క్లారినెట్టో ట్రంపెట్టో కొనడం కూలిచేసుకునే ఇంటికి సాధ్యం కాదు. బడి కొనాలి, పది మంది పంచుకోవాలి. క్రికెట్ కిట్టు కొనే నిధుల్లోంచి బ్యూగులు కొనలేమా?

మూడోది కబురు. ప్రకటన ఇంటర్నెట్లో పడుతుంది, దరఖాస్తుకు రెండు మూడు వారాలే గడువుంటుంది. సిగ్నల్ లేని గూడెంలో ఉన్న పిల్లకు అది గడువు దాటాక తెలుస్తుంది, లేదా అసలు తెలియదు.

ఈ మూడు తాళాల చెవులూ బడి దగ్గరే ఉన్నాయి. ఏకలవ్య ఆదర్శ గురుకులాల్లో సంగీతం టీచరు పోస్టు మంజూరై ఉంది. ఆ టీచరు ప్రార్థన గీతానికీ వార్షికోత్సవానికీ మాత్రమే పరిమితమైతే ఆ పోస్టు వృథా. ఆశ్రమ పాఠశాలల్లోనైతే మేము చూసిన చాలా చోట్ల సంగీతం అన్న పీరియడే లేదు. ఉన్నదల్లా "అధికారి వస్తున్నాడు, పిల్లలతో ధింసా వేయించండి" అన్న హుకుం.

బడి పట్టించుకుంటే ఏమవుతుందో జార్ఖండ్ చూపించింది. అక్కడి పటమ్దా కస్తూర్బా బాలికా విద్యాలయం ఆడపిల్లల పైప్ బ్యాండు 2025 గణతంత్ర దినోత్సవాన రాష్ట్రపతి వేదికకు ఎదురుగా నిలబడి వాయించింది. కస్తూర్బా బడి అంటే ఎవరి పిల్లలు చదువుతారో మన టీచర్లకు చెప్పక్కర్లేదు. వేదిక మీద ఉన్న రాష్ట్రపతి సంతాల్ ఆడబిడ్డ. అదే రోజు అదే దారిలో దేశం నలుమూలల నుంచి వచ్చిన అయిదు వేల మందికి పైగా జానపద, గిరిజన కళాకారులు కూడా ఆడారు. మాకు వాళ్ల మీద గౌరవమే. కానీ తేడా చూడండి. ఆడినవాళ్లు ఆ రోజు ఆడి రైలెక్కి ఇంటికొచ్చారు. కవాతుకు వాయించిన సైనిక బ్యాండువాళ్లకు ఒకటో తారీఖున జీతం పడింది. మన పిల్లలు రెండో వరుసలోనూ ఉండాలని మేము అడుగుతున్నాం.

పటమ్దా మనకు ఇంకో పాఠం కూడా చెబుతుంది. మనలో చాలాచోట్ల మగవాళ్లు వాయిస్తారు, ఆడవాళ్లు ఆడతారు. కొలువు ప్రకటన ఆడపిల్లను పిలుస్తుంటే మనమే డోలు ముట్టనివ్వకపోతే ఎలా? అలాగే, గోండు సమాజంలో పెప్రె, కిక్రి పట్టిన హక్కుదారులు ప్రధాన్లు, తోటీలు. వాళ్ల పాట లేనిదే మన దేవుడికి కథ లేదు. అయినా వాళ్లను అడుక్కునేవాళ్లుగా చూసే నాలుకలు మనలోనే ఉన్నాయి. సంగీతం చదువు వస్తే మొదటి బల్ల మీద కూర్చోవలసింది వాళ్ల పిల్లలే.

ఇప్పుడు మనవాళ్ల అభ్యంతరాలకు వద్దాం. అవి తేలికైనవి కావు.

"ఇంద్రవెల్లిలో మన మీద తూటా పేల్చింది యూనిఫారమే. దానికి తాళం వేయమంటారా?" అని పెద్దలు అడుగుతారు. 1981 ఏప్రిల్ 20ని మేము మరచిపోలేదు, మరచిపోం. ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసీ యువకులకు ప్రత్యేక పోలీసులని పేరు పెట్టి, తుపాకీ ఇచ్చి, ఆదివాసీల మీదికే తోలితే, అది రాజ్యాంగ విరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. ఆ తర్వాత సీఆర్‌పీఎఫ్ బస్తర్ యువతతో బస్తరియా బెటాలియన్ ఏర్పాటు చేసింది. గమనించండి: అడవి దారి తెలిసినవాడు కావాలంటే ప్రభుత్వం మారుమూల గూడేనికి కూడా వచ్చి కొలువిస్తుంది. తాళం తెలిసినవాడి కోసం మాత్రం రాదు. తుపాకీ పట్టే కొలువులకు మనల్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు క్లారినెట్ పట్టే కొలువు దగ్గర మనల్ని ఎందుకు మరచిపోతున్నారు? మా కోపం అక్కడ.

యూనిఫారం వేసుకున్నవాడు తన బుద్ధిని తాకట్టు పెట్టాలని లేదు. రామ్‌సింగ్ ఠాకురీ గూర్ఖా. బ్రిటిష్ సైన్యంలోని గూర్ఖా బ్యాండులో సంగీతం నేర్చుకున్నాడు. అదే విద్యతో నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజులో చేరి, 'కదం కదం బఢాయే జా'కు బాణీ కట్టాడు. స్వాతంత్ర్యం వచ్చాక లక్నోలో సాయుధ పోలీసు బ్యాండును నడిపాడు. తెల్లవాడి బ్యాండులో నేర్చిన చదువు తెల్లవాడి మీదికే కవాతు చేసింది. చదువు ఎవరి దగ్గర నేర్చినా నేర్చినవాడిదే అవుతుంది.

"మన కళ పోతుంది" అన్నది రెండో అభ్యంతరం. మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. కోయ డోలు మీద సమ్మక్క సారలమ్మల కథ చెప్పిన సకిని రామచంద్రయ్యకు 2022లో వచ్చింది. 2024లో ఇద్దరూ కన్నుమూశారు. వాళ్ల తర్వాత ఆ డోలు ఎవరు పట్టాలి? కళను చంపేది ట్రంపెట్ కాదు. వాయిస్తే పొయ్యి వెలగదు అన్న భయం చంపుతుంది. కొడుకు చేతిలో డోలు చూసి, "ఇదెందుకురా, ఏదైనా పని నేర్చుకో" అని తండ్రే అనే పరిస్థితి చంపుతుంది. వాయించడం కూడా పనే, చదువే, కొలువే అని తెలిసిన ఊళ్లో డోలు అటక ఎక్కదు. నొటేషన్ నేర్చిన పిల్ల తాత దెబ్బను కాగితం మీద పెట్టగలదు. 1940లలో మార్లవాయిలో గోండి వాచకాలతో బడి నడిపి, గోండు టీచర్లను తయారు చేశారు. అప్పుడు మాటను కాగితం మీద పెట్టగలిగినవాళ్లం ఇప్పుడు తుడుం దెబ్బను పెట్టలేమా?

మూడో అభ్యంతరం యువకులది: "నాలుగేళ్ల కొలువు కూడా కొలువేనా?" ఈ అభ్యంతరంతో మేము పూర్తిగా ఏకీభవిస్తున్నాం. 2022లో వచ్చిన అగ్నిపథ్ లెక్క ప్రకారం మొదటి ఏడాది నెలకు 30,000 అంటారు. అందులో 9,000 నిధికి పోగా చేతికి వచ్చేది 21,000. నాలుగో ఏడు చేతికి 28,000. నాలుగేళ్ల తర్వాత వడ్డీ కాకుండా పది లక్షల చిల్లర ఇచ్చి పంపేస్తారు. నూటికి 25 మందికి మించి ఉంచుకోరు. వెళ్లినవాళ్లకు పింఛను లేదు. సంగీతకారుడి విషయంలో ఇది మరీ అర్థం లేని పని. బ్యాండంటే ఏళ్ల తరబడి కలిసి ఊపిరి పీల్చి కలిసి వదిలే మనుషులు. నాలుగేళ్లకోసారి వాళ్లను చెదరగొడితే దేశానికి మంచి బ్యాండు ఎక్కడిది? సంగీతకారుల కొలువులు శాశ్వతం చేయాలని మేము గట్టిగా అడుగుతున్నాం. అయితే కొలువు పొట్టిదని విద్యే వద్దనుకోవడం తప్పు. కాగితం చూసి వాయించగలిగినవాడికి పోలీసు బెటాలియన్ల బ్యాండ్లు ఉన్నాయి, బడుల్లో సంగీతం పోస్టులు ఉన్నాయి. నేర్చింది నాలుగేళ్లకు కాలం చెల్లదు.

తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ కొన్ని నిజాలు చెప్పాలి. ఇది సినిమా కొలువు కాదు. తెల్లారకముందే లేవాలి, పరుగెత్తాలి, ఇత్తడి తళతళలాడేదాకా తుడవాలి, ఒకే కవాతు పాట వందసార్లు వాయించాలి. బ్యాండువాడు కూడా సైనికుడే. యుద్ధం వస్తే వాద్యం పక్కన పెట్టి గాయపడ్డవాళ్లను స్ట్రెచర్ మీద మోసుకొచ్చే పని చాలా పటాలాల్లో బ్యాండువాళ్లదే. ఇదంతా తెలిసి, ఇంట్లో మాట్లాడి, ఇష్టపడి చేరేవాళ్లే చేరండి. చేరనివాళ్లు తక్కువవాళ్లేం కారు. చేరాలనుకున్న పిల్లకు దారి లేకపోవడమే మేము ఒప్పుకోనిది.

టీచర్లకు మా విన్నపం, కొంచెం నిలదీత కూడా. వేదిక ముందు పిల్లలను ఆడించడానికి వారం రోజులు తరగతులు ఆపగలిగిన బడి, వారానికి రెండు పీరియడ్లు సంగీతానికి ఇవ్వలేనంటే మేము నమ్మం. ఎనిమిదో తరగతి నుంచి మొదలుపెట్టండి. మొదట ఒక సైడ్ డ్రమ్ము, రెండు బ్యూగుళ్లు, నాలుగు ఫ్లూట్లు చాలు. ఊళ్లో డోలు గురువును బడికి పిలవండి, గంటకు ఇంతని కట్టి ఇవ్వండి. ఆయన కొట్టిన దెబ్బను బల్ల మీద అయిదు గీతలు గీసి పిల్లల చేతనే రాయించండి. మూడేళ్లలో పదో తరగతి సర్టిఫికెట్‌తో పాటు నొటేషన్ చదవగల పిల్లలు మీ బడి నుంచి బయటికొస్తారు. ప్రకటన పడిన రోజే నోటీసు బోర్డు మీద అంటించండి, దరఖాస్తు దగ్గరుండి నింపించండి.

ప్రభుత్వాలను, ఐటీడీఏలను మేము అడిగేవి ఇవీ. ప్రతి ఆశ్రమ పాఠశాలకూ గురుకులానికీ సంగీతం టీచరు, వాద్యాల గది. ఊరి గురువులకు గౌరవ వేతనం. సైనిక సంగీతకారుల ఎంపికకు ఏజెన్సీలోనే ఉచిత శిక్షణ. ఎంపిక జాబితాలో శాస్త్రీయ వాద్యాల పక్కన ఆదివాసీ వాద్యాలకూ చోటు. స్వాగత కార్యక్రమానికి పిలిచిన ప్రతి వాద్యకారుడికీ అదే రోజు కూలి, రాకపోకల ఖర్చు, ఫోటో కింద అతని పేరు.

ఇవి వచ్చేదాకా మన ఊళ్లు ఒక పని చేయవచ్చు. ఈసారి స్వాగతానికి డోళ్లు పంపమని కబురొస్తే, పంపేముందు ఒక్క మాట అడగండి: "మా బడిలో సంగీతం టీచరును ఎప్పుడు వేస్తున్నారు?" జవాబు కాగితం మీద రాయించుకోండి. ఆ తర్వాతే డోలు భుజానికెత్తండి.